మీ అడుగుల లెక్క, మీ పాదాల జాగ్రత్త



ఈ మధ్య షుగర్ ఓ.పి.లో మాకు తరచుగా వినబడే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, మా అబ్బాయి ఈ గడియారం పంపాడు. రోజుకు పదివేల అడుగులు నడవమంటున్నాడు. నాకు నాలుగు వేలు కూడా రావడం లేదు. ఇంక నా వల్ల కాదని తీసి బీరువాలో పెట్టేశాను." అబ్బాయి హైదరాబాదులో ఉండవచ్చు, డల్లాస్‌లో ఉండవచ్చు, మాట మాత్రం అదే. కొందరు ఇలా బీరువాలో పెట్టేస్తారు. ఇంకొందరు పంతం పట్టి మొదటి రోజే పదివేలు నడిచి, మూడో రోజు మోకాళ్ళు పట్టుకుని మా దగ్గరకు వస్తారు.

అడుగులు లెక్కపెట్టే యంత్రం మంచిదే. అయితే దానిని పదివేలతో మొదలుపెట్టకూడదు. మీరు ఇప్పుడు రోజుకు ఎంత నడుస్తున్నారో ముందు తెలుసుకుని, అక్కడి నుండి కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. ఈ సంచికలో ఆ పద్ధతిని నేర్చుకుందాం.

ముందుగా ఒక చిన్న విషయం. ఈ పాఠంలో అడుగు అంటే పన్నెండు అంగుళాల కొలత కాదు. ఒక కాలు వేస్తే ఒక అడుగు, రెండో కాలు వేస్తే రెండో అడుగు. కుడికాలు పడినప్పుడు మాత్రమే లెక్కపెట్టి, యంత్రం రెట్టింపు చూపిస్తోందని మాతో గొడవపడిన పెద్దాయన ఒకరున్నారు. అందుకే చెబుతున్నాం.

మా లెక్క మేము చూసుకున్నప్పుడు

ఇతరులకు చెప్పేముందు మేమే వేసుకుని చూద్దామని నర్సింగ్ సిబ్బందిమి అందరం ఒక వారం పాటు అడుగుల లెక్క పెట్టుకున్నాం. మెడికల్ వార్డులో పగటి డ్యూటీ చేసే మా అమ్మాయిలకు డ్యూటీలోనే ఎనిమిది, తొమ్మిది వేలు వచ్చాయి. ఆపరేషన్ థియేటర్‌లో ఉండేవారికి అంత రాలేదు. వారు గంటల తరబడి నిలబడతారు గాని నడవరు.

మరి సూపరింటెండెంట్ బల్ల దగ్గర కూర్చునే మా సంగతి? మొదటి రోజు 2,840. యంత్రం చెడిపోయిందనుకుని మరో అమ్మాయిది తీసుకుని పెట్టుకున్నాం. మర్నాడు 3,050. ఆదివారం, ఆరాధనకు వెళ్ళి వచ్చి వంట చేసుకుని పడుకుంటే, 1,900. ముప్పై ఏళ్ళుగా "రోజంతా కాళ్ళ మీదే ఉంటాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు" అని చెప్పుకుంటూ వచ్చిన మనుషులం మేము. వార్డుల్లో తిరిగిన రోజుల్లో అది నిజమే అయి ఉంటుంది. రిజిస్టర్లు, ఇండెంట్లు, డ్యూటీ చార్టులు, ఫోన్లు మా చేతికి వచ్చాక అది అబద్ధమైపోయింది. అది అబద్ధమైందని మాకు తెలియలేదు. సాయంత్రానికి కాళ్ళు లాగుతున్నాయి కాబట్టి బాగా నడిచామనుకునేవాళ్ళం. నిలబడినా, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నా కూడా కాళ్ళు లాగుతాయి, పాదాలు వాస్తాయి.

ఇదే మాట ఇంటి పనిచేసే తల్లులు కూడా అంటారు. "ఉదయం నాలుగున్నరకు లేస్తే రాత్రి పది వరకు పనేనమ్మా, ఇంకా నడవాలా?" అని. వారి శ్రమను మేము తక్కువ చేయడం లేదు. అయితే పొయ్యి దగ్గర నిలబడడం వేరు, నడక వేరు. కొందరు తల్లులకు నిజంగానే ఇంటి పనిలోనే ఏడు వేలు వస్తాయి. నూతి నుండి నీళ్ళు మోసేవారికి, పొలానికి వెళ్ళేవారికి ఇంకా ఎక్కువే వస్తాయి. వారికి ఈ పాఠం అవసరం లేదు, కాస్త విశ్రాంతి దొరికితే చాలు. కొందరికేమో, కుళాయి వంటింట్లోకి, మిక్సీ గట్టు మీదకు వచ్చాక, రెండున్నర వేలే వస్తాయి. మీరు ఏ కోవలో ఉన్నారో ఊహించవద్దు, లెక్కపెట్టి చూడండి.

యంత్రం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పెట్టుకోవాలి

పాత రకం పెడోమీటరులో చిన్న స్ప్రింగుకు తగిలించిన కడ్డీ ఉండేది. అడుగు పడినప్పుడు నడుము కొంచెం పైకీ కిందికీ కదులుతుంది, ఆ కుదుపుకు కడ్డీ కొట్టుకుని ఒక అంకె ముందుకు జరిగేది. ఇప్పుడు ఫోనులో, చేతి బ్యాండులో ఉండే చిన్న చిప్ ఆ కుదుపునే గుర్తించి అడుగుగా లెక్కిస్తుంది. ఏ రకమైనా అది చూసేది కుదుపునే గాని మీ కాలిని కాదు. ఈ సంగతి గుర్తుంటే దాని పొరపాట్లన్నీ మీకే అర్థమవుతాయి.

గతుకుల రోడ్డు మీద ఆటోలో వస్తే కూర్చునే కొన్ని అడుగులు నడిచినట్టు చూపవచ్చు. చేతికి బ్యాండు కట్టుకుని పాటలకు చప్పట్లు కొడితే కొన్ని అడుగులు కలవవచ్చు, చపాతీ పిండి పిసికినా అంతే. మరోవైపు, ఫోను బల్ల మీద పెట్టి మీరు ఇల్లంతా తిరిగితే ఒక్క అడుగూ లెక్కకు రాదు. ఆడవారి విషయంలో ఇది పెద్ద లోటు. మగవారికి చొక్కా జేబు ఉంది, ఫోను ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుంది. చీరకు జేబు లేదు. అందుకని ఫోను లెక్కలో భర్త నడిచినట్టు, భార్య కూర్చున్నట్టు కనబడుతుంది, అసలు జరిగింది తలకిందులైనా సరే. చీర కట్టుకునేవారు నడుముకు తగిలించే పెడోమీటరును కుచ్చెళ్ళు దోపుకునే చోటుకు కొంచెం పక్కగా, గట్టిగా తగిలించుకోవాలి. వదులుగా వేలాడకూడదు. ఒకాయన మొలతాడుకు కట్టుకుని వచ్చారు, అది ఊగిసలాడుతూ తన ఇష్టం వచ్చినట్టు లెక్కపెట్టింది.

మీ యంత్రం సరిగా ఉందో లేదో పరీక్షించడం తేలిక. అంకె చూసుకుని, మామూలు నడకతో 100 అడుగులు మనసులో లెక్కపెట్టుకుంటూ నడిచి, మళ్ళీ అంకె చూడండి. 95కీ 105కీ మధ్య పెరిగితే సరిపోతుంది. బాగా నెమ్మదిగా నడిచేవారికి, చేతికర్రతోగాని వాకరుతోగాని నడిచేవారికి చాలా యంత్రాలు తక్కువ చూపుతాయి. అలాంటివారు అడుగులు మానేసి నిమిషాలు లెక్కపెట్టుకోవడమే మంచిది.

యంత్రం కొనలేనివారు చింతించనవసరం లేదు. ఓ మోస్తరు చురుకైన నడకలో నిమిషానికి సుమారు 100 అడుగులు పడతాయి. అంటే 10 నిమిషాలకు సుమారు వెయ్యి. ఇంకో పాత పద్ధతి కూడా ఉంది. మీ వీధి చివరి వరకు వెళ్ళి రావడానికో, ఆవరణ ఒక చుట్టు తిరగడానికో ఎన్ని అడుగులో ఒకసారి లెక్కపెట్టి పెట్టుకోండి. గుప్పెట్లో కొన్ని చింతపిక్కలు తీసుకుని చుట్టుకొకటి గుమ్మం పక్కన వేయండి. మా నర్సింగ్ హాస్టల్ చుట్టూ ఒక చుట్టు 260 అడుగులు. నాలుగు చింతపిక్కలు పడితే వెయ్యి దాటినట్టు.

పదివేలు ఎక్కడి నుండి వచ్చింది?

ఈ అంకె ఏ వైద్య పరీక్ష నుండీ పుట్టలేదు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆ మరుసటి సంవత్సరం, 1965లో, జపానులో యమసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే పెడోమీటరును అమ్మకానికి పెట్టింది. దానికి పెట్టిన పేరు 'మాన్‌పోకెయ్'. జపాను భాషలో 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. గుండ్రని అంకె, గుర్తుండే పేరు. ఆ పేరే ప్రపంచమంతా పాకి, చివరకు మన ఊరి పెద్దవారి చేతికి గడియారమై వచ్చింది.

తర్వాత శాస్త్రజ్ఞులు నిజంగానే లెక్కలు వేశారు. అమెరికాలో సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది స్త్రీలకు యంత్రాలు పెట్టి, ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా వారి ఆరోగ్యాన్ని గమనించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచిన వారితో పోలిస్తే సుమారు 4,400 అడుగులు నడిచినవారిలో మరణాలు 41 శాతం తక్కువగా ఉన్నాయి. అడుగులు పెరిగేకొద్దీ మేలు పెరిగింది గాని 7,500 దగ్గర ఆగిపోయింది. 2022లో పదిహేను అధ్యయనాలను, 47 వేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. 60 ఏళ్ళు దాటినవారికి ఆరు వేల నుండి ఎనిమిది వేల వరకు, అంతకంటే చిన్నవారికి ఎనిమిది నుండి పదివేల వరకు మేలు పెరుగుతూ వచ్చింది. ఆపైన అంతగా పెరగలేదు. 2025లో వచ్చిన మరో పెద్ద పరిశీలనలో రోజుకు 2,000 అడుగులు నడిచినవారి కంటే 7,000 నడిచినవారిలో మరణాలు 47 శాతం తక్కువగా కనబడ్డాయి.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడవగలరు కదా. కాబట్టి ఆ తేడా అంతా నడక వల్లే వచ్చిందని చెప్పలేం. అయినా ఇన్ని దేశాల లెక్కలూ ఒకవైపే చూపుతున్నాయి. మా రోగులకు మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా 2,700 నుండి 4,400కు పెరగడం గురించే. ఆ పెంపు 1,700 అడుగులు. పదిహేడు, ఇరవై నిమిషాల నడక. నాలుగు వేలు కూడా రావడం లేదని గడియారం బీరువాలో పెట్టేసిన అమ్మగారు, నిజానికి ఎక్కువ మేలు జరిగే చోటే ఉన్నారు.

మేము చేసిన పొరపాటు

ఈ భాగం వ్రాయడం మాకు కష్టంగానే ఉంది. అయినా వ్రాయాలి.

మా షుగర్ క్లినిక్‌కు వచ్చే ఒకాయన ఉన్నారు. ఉద్యోగ విరమణ చేసినవారు, పద్నాలుగేళ్ళుగా షుగర్. క్రమశిక్షణ గల మనిషి. ఒక రోజు ఓ.పి. దగ్గర మేమిచ్చిన ఆరోగ్య ప్రసంగంలో నడక గురించి చెబుతూ, అందరూ చెప్పినట్టే మేమూ పదివేలన్నాం. ఆయన ఆ సాయంత్రమే కొత్త బూట్లు కొనుక్కున్నారు. మర్నాడు ఉదయం కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టారు. మొదటి రోజు 10,400. రెండో రోజు 11,000. నొప్పి లేదు, ఆయాసం లేదు, చాలా సంతోషం. నాలుగో రోజు ఆయన నడిచి వచ్చిన గచ్చు మీద మరక చూసి కోడలు అడిగింది, "మామయ్యా, కాలికేమైంది?" అని. ఏమీ కాలేదన్నారు. మేజోడు తీసి చూస్తే అరికాలి ముందు భాగంలో పొక్కు లేచి, చిట్లి, లోపల పుండైపోయి ఉంది.

నొప్పి లేకపోవడమే అక్కడ జబ్బు. చాలా ఏళ్ళు షుగర్ ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. మామూలు మనిషికి బూటు కరిస్తే రెండు వందల అడుగుల్లోనే కుంటడం మొదలుపెడతాడు, ఆగిపోతాడు. ఆయనను ఆపడానికి ఆ నొప్పి లేదు. యంత్రం అడుగులు లెక్కపెట్టింది గాని పుండును చూడలేదు. ఆరు వారాలు డ్రెస్సింగులు చేశాం. రెండో వేలు తీసేయవలసి వచ్చింది.

ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు ప్రసంగం చేసిన మేము, వరుసలో కూర్చున్నవారిలో ఒక్కరి పాదాలైనా చూడలేదు. ఏం చెప్పులు వేసుకుంటారని అడగలేదు, ఇప్పుడు ఎంత నడుస్తున్నారని అడగలేదు. ఆ తర్వాత క్లినిక్‌లో పద్ధతి మార్చాం. షుగర్ ఉన్నవారికి నడక గురించి చెప్పేముందు పాదాలు చూస్తాం. సన్నని నైలాన్ పోగుతో అరికాలిలో అక్కడక్కడ తాకి, కళ్ళు మూసుకుని "తగిలింది" అని చెప్పమంటాం. దీనికి రెండు నిమిషాలు పడుతుంది, నొప్పి ఉండదు. మీకు చేయకపోతే మీరే అడగండి.

స్పర్శ తగ్గినవారు నడవకూడదని కాదు. పాదాలు చూసుకుంటూ, తక్కువతో మొదలుపెట్టి నడవాలి. రోజూ నడకకు ముందు చెప్పుల లోపల చేయి పెట్టి రాయి, మేకు, ముడత ఉన్నాయేమో తడిమి చూడండి. నడిచి వచ్చాక అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేనివారు కింద అద్దం పెట్టుకోవచ్చు, లేదా ఇంట్లో పిల్లలను చూడమనవచ్చు. ఎరుపు, పొక్కు, పగులు, వేడి ఏది కనబడినా ఆ రోజు నడక ఆపి ఆసుపత్రికి రండి. స్పర్శ లేనివారికి ఎమ్.సి.ఆర్. చెప్పులు, అంటే లోపల మెత్తని ప్రత్యేక రబ్బరు వేసి, వెనుక పట్టీ ఉన్న చెప్పులు, మంచివి. వేలి మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పులు వద్దు. కొత్తవి ఏవైనా మొదట ఇంట్లోనే అరగంట వేసుకుని, తీసి పాదం చూసుకోవాలి. ఆరాధన స్థలంలో చెప్పులు బయట విడిచే అలవాటు మనది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బయటి గచ్చు కాలుతుంది. స్పర్శ లేని పాదానికి కాలిన సంగతి తెలియదు. మెత్తని మేజోళ్ళు వేసుకుని వెళ్ళండి, చెప్పులు గుమ్మం దగ్గరే విడవండి. పాదానికి ఇప్పటికే పుండు ఉన్నవారు అది మానేవరకు నడక వ్యాయామం చేయకూడదు.

ఇంకా ఎవరు ముందుగా డాక్టరు గారిని అడగాలంటే, గుండె జబ్బు ఉన్నవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేవారు, నడుస్తుంటే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గేవారు, కళ్ళు తిరిగేవారు. నడకలో గుండె బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే అక్కడే ఆగి కూర్చోవాలి, తగ్గినా తగ్గకపోయినా ఆసుపత్రికి రావాలి. ఇన్సులిన్ వేసుకునేవారికి, షుగర్ బాగా తగ్గించే కొన్ని మాత్రలు వేసుకునేవారికి నడకలో షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమట, ఆకలి, తికమక వస్తాయి. కొంగుకో జేబులోనో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉంచుకోండి. అలా వచ్చిన వెంటనే నోట్లో వేసుకుని నీళ్ళు తాగాలి. నడక పూర్తిచేసి ఇంటికి వెళ్ళి చూద్దామనుకోకూడదు.

మొదటి వారం ఏమీ మార్చవద్దు

ఇప్పుడు పద్ధతికి వద్దాం. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. మొదటి వారం ఒక్క అడుగు కూడా కావాలని ఎక్కువ నడవకండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండి, రాత్రి పడుకోబోయే ముందు అంకె వ్రాసుకోండి. తక్కువ వచ్చిందని సిగ్గుపడి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి కలపకండి. 2,840 వ్రాసుకోవడానికి మాకూ సిగ్గేసింది. ఏడు రోజులవీ కూడి, ఏడుతో భాగిస్తే వచ్చేదే మీ అంకె. పక్కింటివారిది గాని, మీ అబ్బాయిది గాని దానితో పోల్చవద్దు.

రెండో వారం నుండి ఆ అంకెకు 500 కలపండి. అంటే ఐదు నిమిషాలు. రెండు వారాలు అది నిలబడితే మరో 500. మీది 2,800 అయితే రెండు నెలలలో 4,500 దాకా వస్తారు, అక్కడి నుండి ఆరేడు వేలకు ఇంకొన్ని నెలలు. తొందర లేదు. ఒక వారం జ్వరమో, పెళ్ళిపనులో వచ్చి తగ్గిపోతే, పాత అంకె దగ్గరకు ఒకేసారి దూకకుండా కాస్త వెనుక నుండి మొదలుపెట్టండి.

లక్ష్యం పెట్టుకోవడం, వ్రాసుకోవడం ఉత్త చాదస్తం కాదు. 2007లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 26 అధ్యయనాలు, 2,767 మంది వివరాలు కలిపి చూశారు. పెడోమీటరు వాడినవారి నడక పాతదానికంటే పావువంతుకు పైగా పెరిగింది, బి.పి.లో పై అంకె సగటున దాదాపు 4 తగ్గింది. అయితే ఫలానా అంకె చేరాలని లక్ష్యం పెట్టుకున్నవారే బాగా పెంచుకోగలిగారు. ఊరికే తగిలించుకు తిరిగినవారికి అది నగ మాత్రమే.

కలిపే ఆ 500 ఎక్కడి నుండి వస్తాయి? షుగర్ ఉన్నవారికి మా మొదటి సలహా: భోజనం చేశాక పది నిమిషాలు. న్యూజిలాండ్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 41 మందిని రెండు రకాలుగా నడిపించి చూశారు. కొన్నాళ్ళు రోజులో ఎప్పుడైనా ఒకేసారి 30 నిమిషాలు, కొన్నాళ్ళు ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు. మొత్తం నడక ఒకటే. భోజనం తర్వాత నడిచినప్పుడు తిన్నాక పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం తర్వాత 22 శాతం తక్కువ. 2016లో వచ్చిన లెక్క ఇది. మనకు రాత్రి అన్నం తిని, కూర్చుని టీవీ చూసి పడుకోవడం అలవాటు. ఆ పది నిమిషాలు వీధిలో ఇద్దరు కలిసి నడిస్తే చాలు. వీధి చీకటైతే, కుక్కలుంటే, డాబా మీద నడవండి. చిన్న డాబా మీద ఒకేవైపు తిరిగితే ఒక మోకాలికే భారం పడుతుంది, ఐదు చుట్లకొకసారి దిశ మార్చండి.

ఆడవారు ఒంటరిగా రోడ్డు మీద నడిస్తే "పనిలేక తిరుగుతోంది" అనే నోళ్ళు ఇంకా ఉన్నాయి. పల్లెల్లో అయితే మరీను. మా స్త్రీల సమాజం కూటానికి వచ్చే నలుగురు అక్కలు దీనికి ఒక ఉపాయం చేశారు. ఆటో ఎక్కకుండా నలుగురూ కలిసి నడిచి రావడం మొదలుపెట్టారు. రానూ పోనూ నాలుగు వేల పైచిలుకు. చేతిలో సంచి ఉంది, వెళ్ళే పని ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు కూటం లేని రోజుల్లో కూడా వెళుతున్నారు, సంచి మాత్రం పట్టుకునే.

నడక ఎంత వేగంగా ఉండాలని అడుగుతారు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం ఉంటే సరిపోతుంది. మొదట్లో అదీ అక్కరలేదు. వేసవిలో ఉదయం ఏడు లోపల ముగించండి, లేదా పొద్దు వాలాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవారికి వారంలో కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. ఆ రెండోది నడకతో రాదు. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటే అదొక మంచి ఆరంభం.

బరువు గురించి కూడా నిజం చెప్పాలి. వెయ్యి అడుగులకు ఖర్చయ్యేది సుమారు 40 కేలరీలు. పాలు, రెండు చెంచాల చక్కెర వేసిన ఒక కప్పు టీలో దాదాపు అంతకు రెట్టింపు ఉంటుంది. కాబట్టి నడిచి వచ్చి హోటల్లో టీ, రెండు బజ్జీలు తినే మిత్రబృందాలు బరువు తగ్గలేదని యంత్రాన్ని నిందించకూడదు. బరువు తగ్గకపోయినా నడక షుగర్‌కు, బి.పి.కి, నిద్రకు మేలు చేస్తుంది.

ఇప్పుడు మా అంకె 5,600 దగ్గర ఉంది. ఇండెంట్లు అటెండరు చేత పంపకుండా మేమే స్టోరుకు తీసుకువెళుతున్నాం, రౌండ్లకు లిఫ్ట్ ఎక్కడం లేదు. కమిటీ మీటింగు ఉన్న రోజు ఇప్పటికీ మూడు వేలే. వేలు పోగొట్టుకున్న ఆ పెద్దాయన పుండు మానాక, ఎమ్.సి.ఆర్. చెప్పులతో, రోజుకు వెయ్యి అడుగుల నుండి మళ్ళీ మొదలుపెట్టారు. పోయిన నెల పుస్తకం చూపించారు. సగటు 4,300, మూడు విడతలుగా. ప్రతి అంకె పక్కనా రెండు టిక్కులున్నాయి, కుడి పాదానికి ఒకటి, ఎడమ పాదానికి ఒకటి. ఆయన పద్ధతి చూశాక మా క్లినిక్‌లో అందరికీ అలాగే వ్రాయమంటున్నాం: తేదీ, అడుగులు, కుడి పాదం చూశాను, ఎడమ పాదం చూశాను.

మీరు ఓ.పి.కి వచ్చేటప్పుడు ఏడు రోజుల లెక్క వ్రాసిన పుస్తకం తెచ్చుకోండి, మందుల చీటీతోపాటు. అంకె ఎంతున్నా మేము కోప్పడం. చెప్పులు మాత్రం మీరు రోజూ వేసుకునేవే వేసుకుని రండి. ఆసుపత్రికి రావడానికని దాచుకున్న కొత్త జత వద్దు.